రంజాన్ తర్వాత సెల్లార్ తెరిచిన రోజు

ఒమాన్‌లోని అజైబాలో మా హోటల్ పబ్‌కు బీరు బేస్‌మెంట్‌లోని సెల్లార్ నుంచే వచ్చేది. అక్కడ చల్లటి గదిలో స్టీలు పీపాలు వరుసగా ఉండేవి. సోడాలో ఉండే గ్యాసే నింపిన సిలిండర్ల ఒత్తిడి ఆ బీరును సన్నటి గొట్టాల గుండా పై కౌంటర్ దాకా నెట్టేది. పీపాలు మార్చడం, గొట్టాలు కడగడం నా డ్యూటీ. ఆ పని నేర్పింది మా జగిత్యాల వైపు అన్న ఒకాయన. ఏళ్ల తరబడి అదే సెల్లార్‌లో ఉన్నా ఒక్క చుక్క నోట్లో వేసుకోని మనిషి. బీరు బాగుందో పాడైందో వాసన చూసే చెప్పేవాడు.

రంజాన్ నెలంతా పబ్ మూసి ఉంది. పండగ వెళ్లాక తెరవాలి. తెరిచే ముందు రోజు ఉదయం కొత్త పీపాలు వస్తే, దించుకోవడానికి నేను గేటు దగ్గర ఉండిపోయాను. అన్న నాకంటే ముందే కిందికి వెళ్లాడు.

నేను వెళ్లేసరికి సెల్లార్ తలుపు తెరిచే ఉంది. తలుపు పక్కన, గ్యాస్ లీకైతే మోగే అలారం ఉంటుంది. దాని పచ్చలైటు వెలగడం లేదు. గాలిని బయటికి లాగే ఫ్యాను చప్పుడూ లేదు. నెల రోజుల్లో ఎవరో రిపేరుకని ఆ రెండింటికీ ఉన్న ఒకే స్విచ్చి ఆపి, మళ్లీ వేయడం మరిచిపోయారు. రెండు మెట్లు దిగానో లేదో, సోడా గబగబా తాగినప్పటి మంట ముక్కులోకి ఎక్కింది. చప్పున వెనక్కి వచ్చేశాను.

కింద, చివరి మెట్టు పక్కన, పీపాకు ఆనుకుని అన్న కూర్చుని ఉన్నాడు.

“అన్నా! గ్యాస్ లీకైంది, పైకి రా!”

“తల తిరుగుతుంది తమ్మీ... జర కూసుంటా.”

“కూసునుడు వద్దు! లేచి నిలబడు!”

ఆ గ్యాస్ బరువుగా నేల మీదే పేరుకుంటుందని, పడిపోయిన మనిషి కోసం దూకితే ఇద్దరూ పోతారని ట్రైనింగ్‌లో చెప్పారు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు కాళ్లు కిందికే లాగుతుంటే తలుపు పట్టుకుని ఆగాను. తలుపు పక్కనున్న స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది, అలారం గోల పెట్టింది. నేల కడిగే నీళ్ల పైపు చేతికందితే దాని కొస విసిరాను.

“చేతికి చుట్టుకో అన్నా!”

ఆయన తడుముకుంటూ లేచాడు, చుట్టుకున్నాడు. నేను లాగాను. ఒక్కో మెట్టూ మోకాళ్లతో ఎక్కుతూ వచ్చాడు. అలారం విని పరుగెత్తుకొచ్చిన ఒమానీ వాచ్‌మన్ ఒక భుజం పట్టి నాతో కలిసి ఆయనను బయట గాలిలోకి చేర్చాడు. “సాస్ లో భాయ్, సాస్ లో,” అని ఊపిరి తీసుకోమంటూ వీపు నిమిరాడు. అన్న వాంతి చేసుకున్నాడు. మొహంలో మెల్లగా రంగు తేలింది.

“పీపలన్ని దించినవా?” అని అడిగాడు నన్ను.

కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అక్కడే సిమెంటు గట్టు మీద కూలబడి ఏడ్చేశాను.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంచి, ఏమీ భయం లేదని పంపేశారు. ఒక సిలిండర్ వాషర్ అరిగి, నెలంతా గ్యాస్ కొద్దికొద్దిగా కారిందట. రూమ్‌లో అన్న పప్పూ అన్నం రెండోసారి పెట్టించుకుంటుండగా ఊరి నుంచి వదిన ఫోన్ చేసింది. ఆయన చేయి ఎంగిలిగా ఉందని నేనే ఎత్తాను.

“మీ అన్న మంచిగున్నడా?”

“మంచిగున్నడు వదినా. అన్నం తింటున్నడు,” అన్నాను. ఆ మాట నిజం కావడం ఎంత హాయిగా ఉందో!