గుమ్మంలోనే కూర్చున్న అత్త

మా పక్కింటి అత్త పోయింది. నందిని ఊళ్ళో రిపేరుకి ఎవరిదో మిక్సీ విప్పి ముందు పెట్టుకుని ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి ఏడ్చింది. మిక్సీని అలాగే వదిలేసి మా బస్తీ క్యాంప్ టూకి వచ్చేసరికి అందరి ఫోన్లలోనూ అత్త ఫొటో తిరుగుతోంది. చుట్టూ గులాబీలు, కింద "ప్రభువు పిలుపునందుకున్నారు" అని బంగారు రంగు అక్షరాలు. ఆ అక్షరాలు చూడగానే నా ఏడుపు ఎటో పోయి కోపం వచ్చింది. అది దిగకముందే ఇది రాస్తున్నాను, ఎవరికైనా గుచ్చుకుంటే నా పూచీ లేదు.

పిలవడమేమిటండీ? దూరాన ఉన్నవాళ్ళని కదా పిలుస్తారు. ఆయన ఆ ఇంట్లోనే ఉండేవాడు. అత్త ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు.

నేను క్రైస్తవుణ్ణి కాను. మా ఇంట్లో ఉన్నది సింహాచలం అప్పన్న పటం. చదువు ఎనిమిదితో సరి. అత్త నాకు చుట్టం కూడా కాదు, రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే, అంతే. ఆ గోడకి చెవులున్నాయో లేదో గాని నాకున్నాయి. ఉక్కు ప్లాంటు ఫస్ట్ షిఫ్ట్ వాళ్ళు సైకిళ్ళు తీసే వేళకి అత్త తలుపు తీసి "రా ప్రెబువా, బోల్డు పనుంది" అనేది. గుడికి పోయేవాళ్ళ గొంతు కాదది, ఆలస్యంగా వచ్చిన తమ్ముణ్ణి కసిరే గొంతు. ఇక రోజంతా కబుర్లే. "ఉప్పేసినానేటి? నువ్వైనా సూసినావా?" అని అడిగేది. కూతురి మీద కోపమొచ్చినా ఆయనకే చెప్పేది, కుళాయి రాకపోయినా ఆయన్నే తిట్టేది. ప్రార్థన చేస్తూ కళ్ళు మూసుకునేది కాదు. అదేమిటని అడిగితే, "కళ్ళు మూస్తే పాలు పొంగిపోతాయిరా. ఆయనకి తెలీదేటి నా పొయ్యి సంగతి" అంది.

ఒకరోజు నాకు బుద్ధి పుట్టింది. పొద్దున్నే ఆవిడ తలుపు వెనక నక్కి, ఆవిడ "రా ప్రెబువా" అనగానే గొంతు బొంగురు చేసి "వచ్చితిని కుమారీ" అన్నాను. అత్త ఉలిక్కిపడలేదు. వెనక్కి కూడా తిరగలేదు.

"వొచ్చినావా నాయినా, మంచిదే. ప్రెబువు గొంతు తెచ్చుకున్నావు, సేతులు కూడా తెచ్చుకున్నావేటి? ఆ గంజి గిన్నెట్టుకోని సందు సివర ముసిలాడికి ఇచ్చి రా. ఆడికి జరం."

అంతే. ఆ ఒక్క మాటకి నేను దొరికిపోయాను. జ్వరమొస్తే గంజి, పురుడొస్తే కారప్పొడి, ఎవరైనా పోతే టీ కెటిల్, మోసింది నేను. "ఇదేటత్తా, మీ దేవుడికి పనోణ్ణి నేనా" అంటే, "మీ అప్పన్నకి సెప్పు, కావాలంటే జీతం ఆయనిస్తాడు" అనేది. జనాలు నన్ను పోకిరీ అంటారు. ఆవిడ దగ్గర నా పోకిరీతనం ఒక్కరోజు చెల్లలేదు.

ఇప్పుడు కోపం సంగతి.

ప్రతి శుక్రవారం అత్త ఇంట్లో తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది. షిఫ్టులను బట్టి దాని టైము మారేది. ఎక్కువమంది సెకండ్ షిఫ్టులో ఉంటే పొద్దున్న, ఫస్ట్ షిఫ్టులో ఉంటే సాయంత్రం. తలుపు మూసేది కాదు. మా సందు ఊడ్చే ఛత్తీస్‌గఢ్ మనిషి ఒకామె చీపురు గోడకి ఆనించి వచ్చి కూర్చునేది. అత్తని "దాయీ" అనేది, వాళ్ళ మాటలో అమ్మ అని. ఆమెకి ఒక్క ముక్క తెలుగు రాదు. సంఘపెద్ద ఒకాయన ఉన్నాడు, ప్లాంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై నెహ్రూ నగర్లో ఇల్లు కట్టుకున్నవాడు. ఆయనకి ఇది గిట్టలేదు.

"ఆమెకి తెలుగు రాదు కదమ్మా, ఊరికే కూర్చోబెట్టడం ఎందుకు?"

"ప్రెబువుకి మాత్రం తెలుగొచ్చేటి బాబూ? ఆయనతో నెట్టుకొస్తన్నాం కదా."

మరో శుక్రవారం ముక్కుకి రుమాలు పెట్టుకుని, "ప్రార్థన పూట ఎండుచేపలు ఎందుకమ్మా, వాసన" అన్నాడు.

"ఆయన సావాసగాళ్ళందరూ సేపలోళ్ళే బాబూ. ఆయనకి కొట్టని వాసన మీకే కొట్టిందేటి?"

గోడ ఇవతల నేను పడీ పడీ నవ్వాను. నవ్వు అక్కడితో సరి. తర్వాతి శుక్రవారం నుంచి కూడిక నెహ్రూ నగర్‌లో ఆయన ఇంటికి మారిపోయింది. సందులో కార్లు పెట్టడానికి చోటు లేదట, ఫ్యాన్ గాలి చాలదట. అత్త ఆ శుక్రవారం ఊడ్చే ఆమెని తీసుకుని ఆటో ఎక్కింది. నేనే ఎక్కించాను, నేనే వెంట వెళ్ళాను.

ఆ ఇంటి గుమ్మం మీద ప్రభువే ఈ ఇంటికి యజమాని అని చెక్కిన రాయి. గేటు మీద కుక్క ఉంది జాగ్రత్త అని బోర్డు. యజమాని కంటే ముందు కుక్కని దాటాలన్నమాట. లోపల సోఫాలు. అత్తకి సోఫా చూపించారు, ఊడ్చే ఆమెకి వరండా చూపించారు. అత్త వెళ్ళి గుమ్మంలో, ఆమె పక్కన గచ్చు మీద కూర్చుంది.

"లోపలికి రండమ్మా, అక్కడ కూర్చున్నారేంటి?" అన్నాడు పెద్దాయన.

"ఆయన ఇక్కడున్నాడు బాబూ. లోపలికొచ్చి నానేటి సెయ్యను?"

పాటలయ్యేదాకా అక్కడే కూర్చుని వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. మరుసటి శుక్రవారం తన ఇంట్లోనే తలుపు తీసింది. వచ్చింది ఊడ్చే ఆమె, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టు పనివాళ్ళు. పోయేదాకా అంతమందే.

అటువంటి మనిషికి ఆదరణ కూడిక, అంటే పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన, నెహ్రూ నగర్లో పెడతామని ఆ పెద్దాయనే తీర్మానించాడు. గులాబీల ఫొటో కింద ఆ అడ్రసే వేశారు. అత్త కూతురు నా దుకాణానికి వచ్చింది. తెలుగు లెక్కలో నేను దానికి బావని, ఇక్కడ పుట్టిన పిల్ల కాబట్టి భయ్యా అంటుంది.

"భయ్యా, మా అమ్మ వాళ్ళ గుమ్మంలోనే కూర్చుని వచ్చేసింది. ఇప్పుడు ఫొటోని లోపల సోఫా మీద పెడతారంట. నేను ఎలా వెళ్ళాలి, బోలో? వెళ్ళకపోతే అమ్మ కోసం ఏడ్చేవాళ్ళు ఎవరూ రారు అంటున్నారు."

"ఎవరూ రారని ఎవడన్నాడు? నువ్వింటికి పో. ఇల్లు తుడుచుకో" అన్నాను.

పెద్దాయన మాట్లాడుకున్న టెంట్ హౌస్ వాడు నాకు దోస్తు. "భయ్యా, అడ్రస్ బదల్ గయా. సామాను మొత్తం క్యాంప్ టూకి తే" అన్నాను. వాడికేం పోయింది? షామియానా, కుర్చీలు, టీ డ్రమ్ము అన్నీ మా సందులో దిగాయి. కాసేపటికి పెద్దాయన ఫోన్, టెంట్ వాడు నా నంబరిచ్చినట్టున్నాడు.

"ఏమయ్యా, టెంట్ ఇంకా రాలేదేమిటి?"

"వచ్చిందండీ. మీరే రాలేదు."

"నీకు మతి ఉందా? ఇది చావు ఇల్లు. నీ వేళాకోళాలకి హద్దు లేదా?"

"చావు ఇల్లు ఇదేనండీ. మీది కాదు."

ఫోన్ పెట్టేశాడు. అత్త పోయాక నాకు దొరికిన సుఖం అదొక్కటే.

ఆ సాయంత్రం మా సందు ఇరుక్కుపోయింది. హెల్మెట్లు చంకలో పెట్టుకుని షిఫ్ట్ దిగినవాళ్ళు, గంజి తాగి బతికిన ముసలాళ్ళు, పురిటికి కారప్పొడి తిన్న ఆడవాళ్ళు వచ్చారు. సగం మందికి బైబిలు తెలీదు. పాట ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు లాగారు. కూతురు తలుపు రెండు రెక్కలూ తీసి నిలబడింది, వచ్చినవాళ్ళ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఏడవడానికి మనుషులు చాలలేదన్న మాట ఎవరూ అనలేదు.

పెద్దాయన కూడా వచ్చాడు, రాకపోతే బాగుండదని కాబోలు. కారు సందు మొదట్లో ఆగింది. దిగలేదు. అద్దాలు ఎత్తి, ఏసీ వేసుకుని, ఫోన్ చూసుకుంటున్నాడు. లోపల జనం తగ్గాక వస్తానని డ్రైవరు చేత కబురు పంపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి నాలుగు కడుగుదామని లేచాను.

నాకంటే ముందు ఊడ్చే ఆమె వెళ్ళింది. చేతిలో టీ గ్లాసు. కారు పక్కన నిలబడి వేలి కణుపుతో అద్దం మీద తట్టింది. ఆయన తల ఎత్తలేదు.

"రావే, వాడు తాగడు, వదిలెయ్" అన్నాను హిందీలో.

"దాయీ ఘర్ ఆయే హే. బినా చాయ్ కే కైసే జాహీ?" అంది. అమ్మ ఇంటికి వచ్చినవాడు టీ తాగకుండా ఎలా పోతాడు అని.

గ్లాసు కాలుతున్నట్టుంది, ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. వేళ్ళు ఊదుకుంది. కొంగుతో గ్లాసు పట్టుకుని, వంగి, అద్దం మీద మళ్ళీ తట్టింది.