చిట్టెం గోడ

కొలిమి మేస్త్రీకి తమ్ముడంటే ప్రాణం. ఆ సంగతి తమ్ముడికి తప్ప అందరికీ చెప్పుకున్నాడు. తమ్ముడితో మాటల్లేక పదకొండేళ్ళు మరి.

ఇద్దరిదీ ఒకే కర్మాగారం. నల్లటి ముడిరాయిని బొగ్గుతో కలిపి పదహారు వందల డిగ్రీల దగ్గర కరిగిస్తే, బరువైన ఇనుము అడుక్కి దిగుతుంది, పనికిరాని మడ్డి చిట్టెంగా పైన తేలుతుంది. కింద నిలబడి మేస్త్రీ చేత్తో సైగ చేస్తే, పైన క్రేను నడిపే తమ్ముడు కరిగిన ఇనుమున్న బానను దించుతాడు. ఒకసారి ఆ బాన ఒలికింది. ఆపమన్నానని అన్న, దించమన్నావని తమ్ముడు. అంతే, ఉమ్మడి ఇంటి మధ్య గోడ లేచింది. పారేసే చిట్టెం దిమ్మలు ఊరికే దొరుకుతున్నాయి కదా అని వాటితోనే కట్టుకున్నారు. పనిలో సైగలు మామూలే, మళ్ళీ ఒక్క చుక్క ఒలికితే ఒట్టు. ఇంటికొస్తే మాత్రం ఎవరి మొహం వారిది. ముందు తను నోరు విప్పితే తప్పు తనదైపోతుందని మేస్త్రీ బెంగ.

ఇంతలో కెమిస్టుగా ఒక అమ్మాయి వచ్చింది. ఇనుముకన్నా చిట్టెంలోని టైటానియమే విలువైనదని తేల్చింది. ఇన్నేళ్ళూ అసలు సరుకు పారబోశామని కంపెనీ లబోదిబోమంది. ఊళ్ళో చిట్టెం దిమ్మలతో కట్టిన మెట్లూ అరుగులూ పెకలించుకుంటూ కంపెనీ లారీ మేస్త్రీ ఇంటికీ వచ్చింది.

"బదులు ఇటుకలిస్తాం బాబాయ్" అంది కెమిస్టు.

"గోడ తీస్తే వాడు కనిపిస్తాడమ్మా!"

"రోజూ పనిలో కనిపిస్తాడుగా?"

"అక్కడ పైనెక్కడో ఉంటాడు. ఇక్కడ ఎదురుపడితే మాట్లాడాలి."

ఎవరు వింటారు! మరునాడు తన గోడను తానే కొలిమిలో వేయించాడు మేస్త్రీ. కరిగినదాన్ని క్రేనుతో తమ్ముడే మోసుకెళ్ళాడు.

ఆదివారం ఇటుకలు దిగాయి. గోడ ఎక్కడుండేదని తాపీపనివాడు అడిగాడు. మేస్త్రీ తనవైపు జానెడు కలుపుకుని చూపించాడు.

"అబద్ధం!" అని అరిచాడు తమ్ముడు.

"నన్నే అంటావురా?"

"అంటానన్నయ్యా, వందసార్లంటాను!"

అన్నయ్యా అన్నాడు! మేస్త్రీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళతోనే గొంతు చించుకుని పోట్లాడాడు. విసిగిపోయిన తాపీపనివాడు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆరింటికి తమ్ముడు కొలిచే టేపు పట్టుకుని వచ్చేస్తాడు, ఏడున్నరదాకా కలబడతారు. ఇటుకలు నాచు పట్టాయి.

"పోనీ, ఆ జానెడూ మరిదికే వదిలెయ్యండి, పీడా పోతుంది" అంది ఒకరోజు మేస్త్రీ భార్య.

మేస్త్రీ బెదిరిపోయి వాకిలివైపు చూశాడు.

"మెల్లగా అనవే! వాడు వింటే, నీకే ఉండనీ అన్నయ్యా అనేస్తాడు. ఇక రేపు ఎందుకొస్తాడు?"