చేన్లోకి వచ్చిన ల్యాప్‌టాప్

ఆదోని చుట్టుపక్కల, జనం దరఖాస్తులు ఆన్‌లైన్లో పంపే ఒక చిన్న ఆఫీసులో ఆమె కంప్యూటర్ ఆపరేటరు. లోపలే సిమ్ము ఉండే చవక ల్యాప్‌టాప్‌ను పలకలా చంకన పెట్టుకుని తిరిగేది. ఎండకు తెర కనబడకపోతే కొంగును తలమీంచి దాని మీదికి లాగి, ఆ నీడలోకి వంగి, “ఉండండప్పా, వస్తాది” అనేది.

మా పక్క చేన్లో పత్తి తీసే ఒక తల్లి వేలిముద్ర పడితేగాని ఆమె బిడ్డకు గురుకులం దరఖాస్తు పోదు. మూడుసార్లు కూలి మానుకుని ఆఫీసుకు పోతే మూడుసార్లూ రేపు రమ్మన్నారు. దరఖాస్తుకు ఆఖరి రోజున ఆపరేటరమ్మ ల్యాప్‌టాప్, వేలిముద్ర మిషను పట్టుకుని చేన్లోకే నడిచి వచ్చింది.

“ఏమ్మా, ఆఫీసును సంకన పెట్టుకోని వచ్చినావే!” అని నవ్వింది ఆ తల్లి.

“నువ్వు రాలేవు గదక్కా, అదే వచ్చింది. వేలు తుడ్సుకోని పెట్టు.”

దరఖాస్తు పోయింది. మర్నాడే మెమో వచ్చింది. పనివేళలో సీటులో ఎందుకు లేదో, ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో చెప్పాలట! ఆమె తెచ్చి చూపిస్తే ఆ మాటలు నా డైరీలో రాసుకున్నాను. మోసుకుపోవడానికే చేసిన యంత్రాన్ని బల్లకు కట్టేసి ఉంచాలా? రెండు పేజీల ఘాటైన జవాబు రాసి ఆమెకిచ్చాను.

ఆమె చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టింది. “ఇంత కోపమెందుకు సార్, ఉన్నది సెప్తే సాలదా?” అని మా వరండాలోనే కూర్చుని టైపు చేసి పంపేసింది: “ఆ తల్లి మా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. నేను ఆమె దగ్గరికి ఒక్కసారి పోయినాను.”

నెల తిరక్కుండా ఆమెను తీసేశారు.