బోర్లించిన గిన్నె

ఉద్యోగాలకెళ్లే తల్లులు పసిపిల్లల్ని వదిలివెళ్లే క్రెష్‌లో ఆయా ఆమె. ఆమె తినిపిస్తే గిన్నెలో మెతుకు మిగలదు. సాయంత్రం తల్లులొచ్చినప్పుడు ఆ గిన్నె బోర్లించి మరీ చూపిస్తుంది. అదే ఆమె గొప్ప. కాళ్లు చాపుకుని, పాపను ఒళ్లో ఇరికించుకుని, ఎడమచేత్తో తాళాలగుత్తి ఆడిస్తుంది. పాప ముఖం తిప్పుకుంటే గుత్తి గలగలమంటుంది. పాప నవ్వుతుంది. నవ్విన నోట్లోకి చెంచా దూరిపోతుంది. ఒకరోజు పిల్లల బరువులు చూడ్డానికొచ్చిన నర్సు ఆ చెంచా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముఖం తిప్పుకుందంటే చాలని చెప్తున్నట్టే అక్కా. మనం వినిపించుకోకపోతే, కొన్నాళ్లకి దాని కడుపు చెప్పేది దానికే తెలీకుండా పోతుంది. రేప్పొద్దున ఒళ్లు చేసిందంటే తగ్గించడం ఎవరి తరం?"

"చెప్పొచ్చావులే! నా కూతుర్ని ఇలాగే పెంచాను," అంది ఆయా. అన్నాక మాత్రం తాళాలగుత్తి పక్కన పెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, పదమూడేళ్లకే నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే ఆ కూతురు మూడోసారి వడ్డించుకుంటోంది. ఆయా అడిగింది.

"కడుపు నిండిందా తల్లీ?"

కూతురు గరిట ఆపి, జవాబు కోసం గిన్నెలోకి తొంగిచూసింది.

"ఇంకా ఉందిగా అమ్మా."