హార్డ్ డిస్కు విన్న హారన్

ఉద్యోగం మానేసి ఏళ్లు గడిచినా ఆ పాత డెవలపర్ల చర్చా వేదిక చదివే అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. మొన్న పొద్దున్న దువ్వాడలో మా ఇంటి వరండాలో కూర్చుని చదువుతుంటే, తన కంప్యూటరు ఉన్నట్టుండి కాసేపు బిగుసుకుపోయి మళ్లీ తనంతట తనే కదులుతోందనీ, కారణం ఎంత వెతికినా దొరకడం లేదనీ ఎవరో కొత్తాయన రాసిన ప్రశ్న కనబడింది. అది చదవగానే నాకు హార్బరు దగ్గరి మా పాత ఆఫీసు గుర్తొచ్చింది.

టెలిఫోను లైను పట్టుకుని, గీపెట్టే మోడెం ముందు ఓపిగ్గా కూర్చున్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పట్లో నేనూ, మా మేనమామ కొడుకైన బావా హార్బరు దగ్గర ఒక పాత మేడ పైగదిలో ఓ చిన్న కంపెనీకి పనిచేసేవాళ్లం. ఎదుటి కొండకు అవతలున్న యారాడలో చేపల వేటకు వెళ్లే ఇళ్లలోంచి చదువుకుని వచ్చినవాళ్లం మేమిద్దరమే. మామయ్య మాత్రం ఇంకా వేటకు వెళ్తూనే ఉండేవాడు. మా కంప్యూటర్లో ఉన్నది ప్రపంచం నలుమూలల వాళ్లూ కలిసి రాసి, ఎవరికైనా ఊరికే ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్. దానిలో చిక్కు వస్తే ఆ వేదికలో రాసేవాళ్లం, మొహం కూడా ఎరగనివాళ్లు తమ ఇంటి పనిలా తలకెత్తుకునేవారు.

ఆ కంప్యూటరు రోజూ కొన్నిసార్లు బిగుసుకుపోయేది. డిస్కు ఎంత ఆలస్యంగా చదువుతోందో తెర మీద గీతగా చూపించే చిన్న ప్రోగ్రాం బావ రాశాడు. కదలిక ఆగినప్పుడల్లా ఆ గీత నిట్టనిలువుగా లేచేది. వేదికలో ఒకరు మెమరీ అన్నారు, ఇంకొకరు ఆ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే లోపమన్నారు, ఆ ఇద్దరూ మమ్మల్ని మరచిపోయి వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. చివరికి ఎక్కడో మంచు దేశంలో ఉన్న ఒకావిడ, ఆ సమయంలో గదిలో పెద్ద చప్పుడేమైనా వస్తోందా అని అడిగింది. డిస్కులో తిరిగే పళ్లెం మీద సూది లాంటిది తేలుతూ చదువుతుందట, గట్టి శబ్దానికి అది అదిరితే చదివిందే మళ్లీ చదవాల్సి వస్తుందట. బావ నవ్వుతూ డిస్కు దగ్గర మూతి పెట్టి ఒక్క కేక వేశాడు. గీత లేచింది. అప్పటికి అర్థమైంది, రోజూ దాన్ని ఆపుతున్నది కిందగా వెళ్లే ఓడల హారన్లేనని. డిస్కు అడుగున రబ్బరు ముక్కలు వేశాక చాలావరకు సర్దుకుంది.

ఇక్కడితో అయిపోతే ఇది చెప్పుకోవలసినంత సంగతి కాదు.

ఆ చలికాలంలో ఒక ఉదయం మంచు దిగి, కిటికీలోంచి చూస్తే ఎదుటి కొండ కూడా కనబడలేదు. ముందురోజు వేటకు వెళ్లిన మామయ్య బోటు ఇంకా ఒడ్డుకు రాలేదని కబురొచ్చింది. ఇంట్లో కూర్చోలేక మేం ఆఫీసుకొచ్చాం. ఓడలేవీ కదలడం లేదు, ఎక్కడా చప్పుడన్నది లేదు. ఆ నిశ్శబ్దంలో తెర మీద గీత లేచింది. కాసేపు నిలబడి పడిపోయింది. మళ్లీ లేచింది, పొడుగ్గా, ఆగి ఆగి, మంచులో ఓడ హారన్ కొట్టే పద్ధతిలోనే.

"ఏటి బావా అది? హారనేదీ ఇనబడ్నేదే," అన్నాను.

బావ తెర మీంచి కళ్లు తిప్పలేదు. "మనకి నేదు. దానికి ఇనబడతన్నాది," అన్నాడు మెల్లగా.

రేవులో తెలిసినాయనకు ఫోను చేస్తే ఓడలన్నీ లంగరు మీదే ఉన్నాయనీ, కొండకు అవతలి వైపు అసలు ఓడే లేదనీ చెప్పాడు. ఆ మాట విన్నాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మధ్యాహ్నానికి మామయ్య బోటు ఒడ్డు చేరింది. మేం పరుగున వెళ్లేసరికి ఆయన ఇసుకలో కూర్చుని ఉన్నాడు. మేం ఏమీ అడక్కుండానే చెప్పాడు. "మంచులో ఏటీ కనబడ్నేదు రా. పక్కనే ఓడ హారన్ కొట్టింది. గుద్దేత్తాదని సుక్కాని తిప్పేసినాను. తిప్పేక సూత్తే, నానెల్తన్న వైపు అన్నీ కొండరాళ్లే." సముద్రం వైపు తిరిగి, "ఓడ మాత్రం నేదు," అన్నాడు.

బావ ఆ గీత బొమ్మను వేదికలో పెట్టి జరిగింది రాశాడు. కొలతలో పొరపాటని కొందరు, విద్యుత్తులో తేడా అని కొందరు తేల్చేశారు. ఆ మంచు దేశపావిడ ఒక్కతే, తనైతే దీన్ని సవరించే ప్రయత్నం చెయ్యనని రాసింది. ఆ గీత మళ్లీ ఎప్పుడూ అలా లేవలేదు. బావ కొన్నాళ్లకు ఈ పని వదిలేసి ఆనందపురంలో నర్సరీ పెట్టుకున్నాడు. ఆ ఉదయం సంగతి ఎత్తితే మొక్కలకు నీళ్లు పెట్టాలంటూ లేచి వెళ్లిపోతాడు. మామయ్య ఇప్పుడు లేడు.

ఇప్పటి డిస్కుల్లో తిరిగే పళ్లెం లేదు, వణికే సూదీ లేదు. పక్కనే నిలబడి గొంతు చించుకున్నా వాటికి పట్టదు. పని రెప్పపాటులో అవుతుంది, మంచిదే, కాదనను. కానీ చలికాలపు ఉదయాల్లో సముద్రం మీద మంచు దిగినప్పుడు, అటునుంచి ఎవరైనా ఇంకా హెచ్చరిస్తూనే ఉన్నా, వినడానికి మన దగ్గర ఇప్పుడు ఏమీ మిగల్లేదు కదా అనిపించి, ఆ రోజంతా నాకు మనసు మనసులో ఉండదు.