ఇదివరకే ఉంది, వెతుక్కోండి

చెవిలో పెట్టుకునే మిషను కొన్నాళ్లుగా కీచుమంటోంది. అమ్మినవాడు ఫోనెత్తడం మానేశాడు కాబట్టి, మా మనవరాలు చూపించిన ఒక ఇంటర్నెట్ ఫోరంలో, కళ్లజోడు సర్దుకుంటూ ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కుతూ నా బాధంతా రాసి పంపాను. కాఫీ తాగి వచ్చేసరికి నా ప్రశ్నకు తాళం పడి ఉంది. ఈ విషయం మీద ఇదివరకే చర్చ జరిగినందున మూసివేయడమైనదట. ఆ ఇదివరకటి చర్చ ఏమిటా అని తెరిచి చూస్తే అది వేరే మిషను, వేరే బాధ. మన వయసులో కోపం మంచిది కాదని డాక్టరు చెబుతూనే ఉంటాడు గానీ, నాకు ఆ కోపం ఆ పూట పుట్టింది కాదు. కర్నూలు మునిగిన ఏటి నుంచీ నాలో నిలవ ఉన్నదే.

మాది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. మగ్గాల ఊళ్లకు పోయి నూలు చీరలు తెచ్చి అమ్మేవాళ్లం. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, నాకంటే బాగా చిన్నవాడు, బెంగుళూరులో కంప్యూటర్ల కంపెనీలో పనిచేసేవాడు. పరాయి ఊళ్లలో ఉండే కర్నూలు, కడప జిల్లాల వాళ్లంతా ఒకచోట మాట్లాడుకోవాలని ఆయనే ఒక ఫోరం పెట్టాడు. మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టుకుని, ఎదుటివాడు రాసింది పెదవులు కదిలిస్తూ బయటికి చదువుకుంటే తప్ప అర్థం కాని రోజులవి. మధ్యాహ్నం పూట అంగడికి బేరాలుండవు, ఊరికే విసనకర్రతో ఈగలు తోలుకుంటూ కూర్చుంటాను కదా అని ఆయన నన్ను తనతోపాటు ఫోరం కాపలా కాసే రెండో మోడరేటర్‌ను చేశాడు. గల్లాపెట్టె పక్కన కంప్యూటరు పెట్టించి, తాళాలు వేయడం, తీయడం ఫోనులో నేర్పించాడు. ఆ నేర్పించినందుకు నేను కృతజ్ఞుణ్ణే. అంతకుమించి ఆయనకు నేను పడిన రుణం ఏదీ లేదు.

ఆయనకు ఒక జబ్బు ఉండేది. ఒకసారి వచ్చిన విషయం మళ్లీ వస్తే ఒంటి మీద జెర్రి పాకినట్టు అయిపోయేవాడు. శివరాత్రి దగ్గరపడితే మహానందికి బస్సులు ఎట్లా ఉంటాయి, సత్రంలో గది దొరుకుతుందా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. ఆయన పై వాక్యమైనా పూర్తిగా చదవకుండా తాళం వేసి, కింద తనకు అలవాటైన మాట అతికించేవాడు: ఇదివరకే ఉంది, వెతుక్కోండి. ఎక్కడుందో చెప్పడు, దారి చూపించడు. నమస్కారం లేదు, అయ్యా లేదు, అమ్మా లేదు. నాకు అది చూస్తే కడుపు మండేది. మహానంది బస్సు గురించి అడిగేవాడికి కావలసింది బస్సొక్కటే కాదు, ఎక్కడో ఎండలో కూర్చుని ఆ కోనేటి నీళ్ల చల్లదనం తలుచుకుంటున్నాడు, ఆ ముక్క ఇంకొకరితో చెప్పుకోవాలనుకుంటున్నాడు. నిన్న ఒకామె చూసిపోయిన చీరనే ఇవాళ ఇంకొకామె చూపించమంటే, నిన్ననే చూపించినాం పోవమ్మా అంటామా? అదే మాట ఆయనతో అంటే, ఒకే చీర అంగడంతా పరిస్తే కావలసిన చీర యాడ దొరుకుతాదన్నా అని నవ్వేవాడు. ఆ నవ్వే నాకు పడేది కాదు.

కోయిలకుంట్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయి అక్కడ లారీ నడిపేవాడొకడు ఉండేవాడు. సెలవురోజున ఎవరి కంప్యూటరో అడుక్కుని, వాళ్ల అమ్మ మోకాళ్ల నొప్పులకు మన వైపు మంచి వైద్యుడెవరని అడిగాడు. మా తోడల్లుడు తన మామూలు ముక్క పెట్టి మూసేశాడు. ఆ పిల్లవాడు పచ్చి బూతులు రాసి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. బూతులు తీసేయమని మా తోడల్లుడు నాకు ఫోను చేశాడు. తీసేశాను గానీ, అంతకుముందు ఒకసారి తృప్తిగా చదువుకున్నాను.

ఇట్లా మా ఇద్దరి మధ్య నిప్పు రాజుకుంటూ ఉండగానే కర్నూలు మునిగింది. ఆ ఏడు అంతకుముందు దాకా వానల్లేక జనం మొగులు వైపు చూస్తున్నవాళ్లే. ఉన్నట్టుండి తుంగభద్ర ఒకపక్క, హంద్రీ ఒకపక్క ఊరిమీద పడ్డాయి. పాత ఊళ్లో నీళ్లు మిద్దెలెక్కాయని, కరెంటు పోయిందని, ఫోన్లు మోగడం లేదని వార్తలు. పరాయి ఊళ్లలో ఉన్నవాళ్లకు టీవీలో అవే బొమ్మలు మళ్లీ మళ్లీ కనిపించడం తప్ప తమవాళ్లు ఏమయ్యారో తెలిసే దారి లేదు. అప్పుడు అందరూ మా ఫోరం మీద పడ్డారు. మా వీధిలో నీళ్లు ఎంతదాకా వచ్చాయి, మా అక్కావాళ్లు ఎవరికైనా కనిపించారా, బురుజు వెనక మిద్దె మీద ఎవరైనా ఉన్నారా అని, ఎవరి ప్రశ్న వాళ్లది, ఎవరి ప్రాణం వాళ్లది.

మా తోడల్లుడు చేసిన పని ఏమిటంటే, అన్నిటికీ తాళాలు వేసి, కర్నూలు వరద, అన్నీ ఇక్కడే అని ఒకే టాపిక్ పెట్టి, వచ్చిన ప్రతి ప్రశ్ననూ తీసుకెళ్లి అందులో కుమ్మరించాడు. జొన్నలు, కొర్రలు, సజ్జలు ఒకే గోనెలో పోసి గింజలన్నీ ఒకటే అన్నట్టుంది. చూస్తూ చూస్తూ ఉండగానే అది పేజీల మీద పేజీలై కూర్చుంది. ప్రశ్న ఒక మూల, జవాబు ఇంకొక మూల.

పుణెలో కాపురం ఉండే ఒకామె వాళ్ల నాయన గురించి రాసింది. పాత ఊళ్లో ఒక్కడే ఉంటాడు, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది, మాట రాదు, మెడలో తులసిపూసల దండ ఉంటుంది, చక్కెర జబ్బుకు సూది మందు లేకపోతే బతకడు. ఆ రాత కూడా గోనెలోకే పోయింది. అదే రోజు పత్తికొండ మండీలో టమోటాల కమీషను వ్యాపారం చేసే మా సభ్యుడొకడు, టెంపోలో అన్నం పొట్లాలు వేసుకుని కర్నూలు వచ్చినవాడు, ఎత్తుమీద ఒక బడిలో తలదాచుకున్న జనానికి పంచుతూ ఒక ముసలాయనను చూశాడు. కుడిచెయ్యి పనిచేయదు, మాట రాదు, మెడలో పూసలు. సందేళకు తిరిగి ఊరికి పోయి, ఈ పెద్దాయన ఎవరి తాలూకు అని వేరే టాపిక్ పెట్టాడు. మా తోడల్లుడు అది కూడా ఇదివరకే ఉన్నదాంట్లో కలిపేశాడు. కూతురు ఒక పేజీలో ఏడుస్తోంది, తండ్రి ఇంకొక పేజీలో ఉన్నాడు.

మరుసటి రోజు పొద్దున అంగడి తీస్తూనే నేను మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుంటూ పోతే ఆ రెండూ కనిపించాయి. ఆ వ్యాపారికి ఫోను చేశాను.

“నిన్న సందేళనే రాసినా కదన్నా, ఆయప్ప బడికాడ ఉండాడని,” అన్నాడు అతను. “మీవాడు దాన్ని యాడికో తోసేసినాడు. తెల్లారి మావాళ్లు పోయి చూస్తే ఆయప్ప లేడంట. జబ్బు మనుషులను ఎవురో బండెక్కించుకొని పోయినారంట. యాడికో ఎవురికీ తెలీదు.”

నేను ఆ ముసలాయన ఆనవాళ్లన్నీ రాసి, ఈయన ఎక్కడున్నాడో చూసినవాళ్లు వెంటనే చెప్పండి అని కొత్త టాపిక్ తెరిచాను. చీరలు మడత పెట్టి తిరిగి చూసేసరికి తాళం. నేను తీశాను. ఆయన వేశాడు. మళ్లీ తీశాను, మళ్లీ వేశాడు. ఇక ఆగలేక బెంగుళూరుకు ఫోను చేశాను.

“ఏమప్పా, ముసలాయన ప్రాణం పోతాంటే తాళాలు వేసుకుంటా కూర్చున్నావే, మతి ఉండాదా నీకు?” అన్నాను.

“అన్నా, అందరివీ ప్రాణాలే. ఒక్కరికి విడిగా తెరిస్తే నూరుమందికి తెరవాల. అప్పుడు ఎవురికీ ఏమీ కనపడదు. పద్ధతి అంటే పద్ధతే.”

“ఇప్పుడేం కనపడతాండాది? నువ్వు కలిపినావే, చదివి కలిపినావా? నీ పద్ధతిని తీసుకపోయి తుంగభద్రలో పారెయ్‌రా!”

తోడల్లుణ్ణి రా అన్నానని ఇప్పటికీ ఆ ఇంట్లో చెప్పుకుంటారు. అన్నాను. ఈరోజైనా అంటాను. ఆయన ఫోను పెట్టేశాడు, కాసేపటికి నా మోడరేటర్ అధికారం ఊడింది. తెరిచి చూసుకుంటే నేనూ అందరిలాగా ఒక సభ్యుణ్ణి. సభ్యులంతా చూసేచోట జరిగిందంతా రాశాను, పుణె ఆమె సంగతి, బడి సంగతి, నా అధికారం ఊడిన సంగతి, ఏదీ దాచలేదు. దానికీ తాళం పడింది.

అప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, హైదరాబాదులో ఒకరు, మద్రాసులో ఒకరు, గల్ఫ్‌లో ఇద్దరు ముగ్గురు, నేను రాసిన ఆ ముసలాయన ఆనవాళ్లనే ఎత్తి రాసి, అదే పేరుతో ఎవరికి వారు కొత్త టాపిక్‌లు పెట్టడం మొదలుపెట్టారు. ఆయన ఒకటి మూస్తే నాలుగు లేస్తున్నాయి. అంతకుముందు మాట్లాడుకోవడమే మానేసిన ఫ్యాక్షను ఊళ్లవాళ్లు కూడా ఒకరి కింద ఒకరు అదే ముక్క రాశారు. ఫోరం తెరిస్తే పైనుంచి కిందదాకా ఒకటే మాట, ఈ పెద్దాయన ఎక్కడ. తాళాలు వేసి వేసి ఆయన చేతులు పడిపోయి ఉంటాయి.

ఆ మధ్యాహ్నం డోన్‌లో మందుల అంగడి పెట్టుకున్న ఒకామె, అంతవరకు మా ఫోరంలో ఒక్క ముక్కైనా రాయనామె, ఊరికే తెరిచి చూసి, ఎక్కడ చూసినా అదే ఉండేసరికి చదివింది. తమ వీధి చివర కల్యాణ మండపంలోకి పొద్దున కర్నూలు నుంచి కొందరిని దించారని, అందులో అట్లాంటాయన ఒకరున్నారని ఆమెకు తెలుసు. అంగడి మూసి పరుగెత్తింది. వెళ్లి, పుణె కూతురి పేరు చెప్పి చూసిందట. ఆయన ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకుని వదలలేదట. సూది మందు ఆమే వేయించింది. కాలికి పుండు పడి వేళ్లు రెండు తీసేయవలసి వచ్చింది గానీ మనిషి బతికాడు. కూతురు నాకు ఫోను చేసి మాట్లాడలేక ఏడుస్తుంటే, మా అంగట్లో చీర బేరమాడుతున్న ఆడవాళ్లు కూడా చీర పక్కన పెట్టి నా చుట్టూ చేరారు.

ఇక్కడితో ఆగిపోతే నాకు బాగుండేది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి. సభ్యులు తిరగబడ్డారని మా తోడల్లుడికి రోషం వచ్చి, అయితే మీరే ఏలుకోండని ఉన్న తాళాలన్నీ తీసేసి కూర్చున్నాడు. అంతకుముందు దాకా ఆయన వచ్చింది వచ్చినట్టు నొక్కిపెట్టిన పుకారొకటి ఉంది, పైన ఆనకట్ట తెగిందని. అది ఇప్పుడు పది పేర్లతో పైకి లేచింది. పది చోట్ల ఉంటే నిజమే కాబోలనుకున్నారు జనం. నంద్యాలలో ఉండే మా బావమరిదికి ఎవరో అది చదివి ఫోను చేస్తే, ఆయన కేకలు వేస్తే, మా అత్తగారు మిద్దెమెట్లు ఎక్కబోయి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆనకట్ట తెగనూలేదు, ఏమీ కాలేదు.

ఆసుపత్రి వరండాలో మా తోడల్లుడు నాకు ఎదురుపడ్డాడు. “చూడన్నా, నువ్వు తెరిచిన టాపిక్‌లు ఏం చేసినాయో,” అన్నాడు. తాళాలు తీసింది ఎవరని నేనడిగాను. తీయించింది ఎవరని ఆయనడిగాడు. అక్కచెల్లెళ్లిద్దరూ లోపల తల్లి మంచానికి చెరోపక్కన కూర్చుని, మా మాటలు వినపడుతున్నా తల ఎత్తలేదు. ఆ తర్వాత ఆయనా నేనూ మాట్లాడుకున్నది లేదు. పెళ్లిళ్లకు వెళితే ఆయనొక బంతి, నేనొక బంతి.

పుకారును మూయడం తప్పని నేనెప్పుడూ అనలేదు. కానీ పుకారుకూ ప్రశ్నకూ తేడా తెలియాలంటే చివరిదాకా చదవాలి. చదివినాక నిజంగా ఒకటే అయితే, ఇదిగో నాయనా, అది ఫలానా చోట ఉంది అని చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. కాకపోతే ఉండనివ్వాలి. అడిగేవాడు వేరైతే ప్రశ్న వేరే. ఇంతకంటే మోడరేటర్‌కు శాస్త్రం అక్కర్లేదు. ఇది ఆయనకు ఆనాడు ఎక్కలేదు, ఈనాడు ఎక్కిందని నేననుకోను.

ఆ మరుసటి ఏడు ఆయన విసుగొచ్చి ఫోరం మూసేశాడని మా మరదలు మా ఆవిడతో అంటే తెలిసింది. ఆయన అంత కాపలా కాసిన మొదటి టాపిక్‌లూ పోయాయి, నేను అంత పోట్లాడి నిలబెట్టిన రెండోసారివీ పోయాయి. ఇప్పుడు ఎవరికేం కావాలన్నా అరచేతిలో ఫోను చెబుతుంది, మహానంది బస్సు ఎప్పుడని మనిషిని మనిషి అడిగే అవసరమే లేదు. నేను మాత్రం అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట, అంగడిలో ఎవరూ లేనప్పుడు, జవాబు తెలిసి కూడా ఆ ప్రశ్న మళ్లీ ఎవరైనా అడిగితే బాగుండునని అనుకుంటాను. బస్టాండులో ఎడమపక్కన నిలబడు నాయనా, బండి పలచగా ఉంటే కిటికీ దగ్గర కూర్చో, నంద్యాల దాటినాక చల్లగాలి తగులుతుంది అని, ఎన్నోసారో లెక్కపెట్టుకోకుండా, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాణ్ణి.