కూలిపోయిన బ్యారన్ మారుమోత

పర్చూరు దాటగానే బస్సు కిటికీలోంచి పొగాకు కాలుస్తున్న వాసన వచ్చింది. పచ్చి ఆకు బ్యారన్‌లో వేడికి పండి పసుపు రంగుకు తిరిగేటప్పటి వాసన అది. కాస్త తియ్యగా, కాస్త ఎండుగడ్డిలా ఉండి గొంతులో కూర్చుంటుంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పక్క సీటావిడ "పడదా అమ్మా?" అంది జాలిగా. పడకపోవడమేమిటి నా మొహం, నేను పెరిగిందే ఆ వాసనలో. ఆ వాసన తగిలితే వెనకాల ఎవరో ఊపిరి పీల్చినట్టుంటుందని, ఆ ఊపిరి ఎవరిదో నాకు తెలుసునని బస్సులో ముక్కూమొహం తెలియని మనిషికి ఏం చెప్పను? పడదన్నట్టు తలూపాను.

ఆ ఊపిరి ఏలీయా మాస్టారిది. మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పిల్లలందరినీ ఈలతో పరుగులు పెట్టించేవారు గానీ, ఆ ఈల కిందే చొక్కా జేబులో ఒక మౌతార్గన్ ఉండేది. మేం దూదేకులవాళ్ళం. మా నాన్న పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. విల్లుతాడు 'టంయ్' మంటుంటే నేను దానికి తగ్గట్టు నోటితో కూతలు కూస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి పరుపు కుట్టించుకోడానికి వచ్చిన మాస్టారు అది విని, ఈ పిల్లను సాయంత్రాలు మా ఇంటికి పంపించు సాయెబూ అన్నారు. ఆడపిల్లకు నోటితో ఊదే వాయిద్యమేమిటని మా అమ్మ గొణిగింది. నాన్న వినిపించుకోలేదు. అలా మస్తానమ్మ అనే నేను మౌతార్గన్ పట్టుకున్నాను.

మాస్టారి ఇంటి వెనక ఒక పాత బ్యారన్ ఉండేది. పొగాకు ఆకును కర్రలకు కట్టి వేలాడదీసి, కింద మంట పెట్టి కాల్చే ఎత్తైన ఇటుక గది. ఆయన పొగాకు వేయడం మానేశాక అది ఖాళీగా పడి ఉంది. పాఠం అందులోనే. లోపల చీకటి, పైన కర్రలు, గోడలకు ఏళ్ళ తరబడి పట్టిన ఆ వాసన. ఒక పాట ముక్క వాయిస్తే అది పైకి ఎక్కి, కాస్త ఆగి, మసకబారి తిరిగి వచ్చేది. ఆ కాస్త గదిలో అంత ఆలస్యంగా మారుమోత ఎలా వచ్చేదో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. నాకేమో చిన్నప్పటినుంచీ తొందర. తిరిగి వచ్చేది ముగియకముందే రెండో ముక్క ఎత్తుకునేదాన్ని. మాస్టారు నా చేతిలోంచి మౌతార్గన్ లాగేసుకునేవారు.

"దాన్ని పూర్తి చెయ్యనివ్వమ్మాయ్. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే మనం అడ్డం వస్తామా?"

అవతల ఎవరున్నారండీ అని అడిగాను. ఎవరైతేనేం, మర్యాద మర్యాదేగా అన్నారు. అందులో వేళాకోళం వెతికాను. కనపడలేదు.

పొగాకు పొగకూ దుమ్ముకూ ఆయన ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. ముక్క ఎత్తుకునే ముందు ఆయన పీల్చే ఊపిరికి సన్నటి ఈలలాంటి చప్పుడుండేది. మిగతా వాయిద్యాలు ఊదితేనే పలుకుతాయి, ఇది పీల్చినా పలుకుతుంది, నాలాంటి ఆయాసపు మనిషి కోసమే దేవుడు చేయించాడు అని నవ్వేవారు. ఒక సాయంత్రం పాఠం అయిపోయి, ఇద్దరం మౌతార్గన్లు తుడిచి జేబుల్లో పెట్టుకున్నాం. తలుపు దాకా వచ్చాం. అప్పుడు పైన, ఆ కర్రల మధ్య నుంచి, నేను చివర వాయించిన ముక్క వినిపించింది. వాయించి చాలాసేపయింది. పైగా నేను తప్పు వాయించిన చోట అది సరిగ్గా పలికింది. నేను బయటికి పరిగెత్తబోయాను. మాస్టారు మాత్రం ఆగి, అది ముగిసేదాకా నిలబడి, అప్పుడు తలుపు దగ్గరగా వేశారు. "అప్పుడప్పుడూ అంతే. పద, చీకటి పడుతోంది" అన్నారు. ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది. అమ్మ నిమ్మకాయ దిగదుడిచింది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఎందుకంటే ఏం చెప్పను, ఆ వయసులో నాకు అంత ఓపికగా ఏదీ చెప్పినవాళ్ళు ఇంకొకళ్ళు లేరు.

నేను గుంటూరు వచ్చి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కుదిరాను. సెలవుల్లో ఒక ఆర్కెస్ట్రాలో మైకు పట్టుకుని మౌతార్గన్ వాయించేదాన్ని. మాస్టారు పోయిన సంగతి అక్కడే తెలిసింది. వెళ్ళి మట్టి వేసి వచ్చాను. ఆ తర్వాతే ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన భార్య సుగుణమ్మగారు సమాధి మీద రాయి పెట్టనివ్వడం లేదట. రోజూ పొద్దుగూకే వేళకు బ్యారన్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటుందట. పాస్టరు గారు వెళ్ళి నచ్చజెప్పబోతే, "వాయిస్తున్న మనిషికి రాయేంటయ్యగారూ?" అందట. ఆవిడకు మతి చలించిందని కొందరు, మాస్టారి ఆత్మకు విడుదల లేదని కొందరు. తిండి మాత్రం వేళకు తింటోందిగా, ఆవిడ జోలికి పోకండి అని నేను కసురుకున్నాను.

తుఫానుకు బ్యారన్ కూలింది. ఆ రోజునుంచి సుగుణమ్మగారు తినడం మానేశారు.

కబురు చేస్తే, మొదట చెప్పిన ఆ బస్సెక్కి వెళ్ళాను. మంచంలో మనిషి కాదు, దుప్పటి పడి ఉన్నట్టుంది. పక్కింటావిడ గంజి గ్లాసు పట్టుకుని నిలబడితే మొహం తిప్పుకుంటున్నారు. చుట్టాలు అప్పుడే ఫోన్లు చేసుకుంటున్నారు. సుగుణమ్మగారు నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు. మీ మాస్టారికి నిలబడే చోటు లేకుండా పోయింది మస్తానమ్మా, ఎక్కడ తిరుగుతున్నాడో అన్నారు. మాస్టారు పోయి ఏడాదయ్యేనాటి జ్ఞాపకార్థ కూడిక దగ్గరికొచ్చింది. ఆ బ్యారన్‌లో వాయించినట్టు ఒక్కసారి వాయించమన్నారు.

"ఆ మోత వింటే వస్తాడు. వస్తే సాగనంపుతాను. రాయి కూడా పెట్టుకోండి. లేకపోతే ఆయన్ని వెతుక్కుంటా నేనే పోతా."

బ్యారన్ మోత నేనెక్కడినుంచి తేను? ఆలోచిస్తే ఆర్కెస్ట్రాలో గిటారు కుర్రాళ్ళ కాళ్ళ దగ్గర ఉండే డిలే పెడల్ గుర్తొచ్చింది. మనం వాయించింది కాస్త ఆగి మళ్ళీ వినిపించే పెట్టె. గుంటూరులో సంగీత వాయిద్యాల కొట్టుకు నా మైకూ మౌతార్గనూ పట్టుకుని వెళ్ళాను. కొట్టాయన మంచివాడే గానీ, ముందు ఖరీదైనది తీశాడు. డిజిటల్ అట. వాయించాను. అచ్చం నేను వాయించినట్టే, ఒక్క గీత పడకుండా, ఎన్నిసార్లంటే అన్నిసార్లు తిరిగి వచ్చింది. నా మాటను నాకే అప్పజెప్పే పిల్లలా ఉంది. వద్దన్నాను. రెండోది కాస్త నయం గానీ, మౌతార్గన్ మైకు తగలగానే కీచుమంది. మూడోది అనలాగ్ అట, పాత రకం. తిరిగి వచ్చిన ప్రతిసారీ ముక్క కాస్త మొద్దుబారి, కాస్త మసకబారి, గోడలోకి ఇంకిపోతున్నట్టుంది. ఎంత ఆగి రావాలో చెప్పే మీట తిప్పాను, ఎన్నిసార్లు రావాలో ఆ మీట బాగా తగ్గించాను.

"మేడమ్, ఇందులో సౌండు పాడైపోద్దండి" అన్నాడాయన.

నాకు పాడైపోయేదే కావాలన్నాను. కళ్ళు మూసుకుని మళ్ళీ వాయించి ఆగాను. రెండోసారి తిరిగి వచ్చిన ముక్కకు ముందు సన్నటి ఈల, ఊపిరి పీల్చినట్టు. నేను పీల్చలేదు. మైకు ఏదో లాక్కుని ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. బిల్లు వేయమన్నాను.

కూడిక మధ్యాహ్నం, ఇంటి ముందు షామియానా కింద. సుగుణమ్మగారిని దిండ్లు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రార్థన అయింది. నేను లేచి పెడల్ మీద కాలు పెట్టి మొదటి ముక్క వాయించాను. ఇక చూడండి. మైకుసెట్టు శీను ఎకో బాగా పెంచి ఉంచాడు. మా వైపు ప్రార్థన కూడికంటే మైకులో ఎకో ఉండి తీరాల్సిందే, లేకపోతే జనానికి ప్రార్థన చేసినట్టే ఉండదు. అది నాకు తెలియదా? తెలుసు. అయినా ఊరెళ్ళే కంగారులో తీసేయమని చెప్పడం మరిచాను. పెడల్ మోత మీద ఎకో మోత ఎక్కి, రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ కూతగా పెరిగాయి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. జనం చెవులు మూసుకున్నారు. నేను పెడల్ ఆపేసి, మైకు దించేసి, నోరు తుడుచుకున్నాను. అంతా నాశనం చేశాననుకున్నాను.

కూత తగ్గింది. మోత ఆగలేదు. అది మెత్తబడి, విడివడి, ముక్క ముక్కగా వాయించుకుంటూ పోతోంది. ప్రతి ముక్కకూ ముందు ఆ ఈల ఊపిరి. వైరు పీకేద్దామని వంగాను. సుగుణమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఎండిన చేతిలో అంత బలం ఎక్కడిదో. పాట చివరిదాకా వెళ్ళింది. ఆవిడ ఇంటి వెనక కూలిన బ్యారన్ ఇటుకల వైపు తిరిగారు. మా ఊళ్ళో గడప దాటే మనిషిని ఎవరూ ఉత్తినే వెళ్ళమనరు. పొలానికైనా, సంతకైనా వెళ్ళి రమ్మనే అంటారు. ఆవిడ అలా అనలేదు.

"ఇక వెళ్ళండి" అన్నారు.

మోత ఆగింది. కాసేపటికి సుగుణమ్మగారు, ఎవరైనా ఇంత చారన్నం కలిపి పెడతారా అని అడిగారు. పెట్టాం. తిన్నారు. నేను ఆ పళ్ళెం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను, సిగ్గు లేకుండా.

సామాను సర్దేటప్పుడు శీనును చాటుకు పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాను. వాడు తెల్లమొహం వేసుకుని విన్నాడు. కూత మొదలవ్వగానే భయమేసి ఆంప్లిఫయరే ఆపేశానక్కా, మళ్ళీ వెయ్యలేదు, మరి అంతసేపూ ఆ పాటంతా ఎలా వినపడిందక్కా అని నన్నే అడిగాడు. పోరా అన్నాను.

సమాధి మీద రాయి నిలబెట్టారు. సుగుణమ్మగారు ఇప్పుడు బాగా తింటున్నారు, సాయంత్రాలు చర్చికి నడిచి వెళ్తున్నారు, ఏమీ వినపడట్లేదంటున్నారు. నేను గుంటూరులో నా గదిలో సాధన చేసుకుంటాను. ఒక్కోసారి అంతా కట్టేసి, దీపం తీసేద్దామని లేచాక, గోడ దగ్గరినుంచి నేను తప్పు వాయించిన ముక్క సరిగ్గా వినిపిస్తుంది. భయం లేదంటే అబద్ధమే. అయినా అది ముగిసేదాకా నిలబడతాను. ఆయన్ని వెళ్ళమన్నది సుగుణమ్మగారు. నేను ఇంతవరకూ ఆ మాట అనలేదు.